ఇంటి గోడలో ఎండ, నేలలో చలువ



విత్తనపు ధాన్యమును వేడి తగులని చోట భద్రపరచుటలో మనము చూపు శ్రద్ధ, ఇంటిలో ముసలివారు పండుకొను చోటును గూర్చి చూపుటలేదు. 2015వ సంవత్సరము మే నెల వడగాలులలో ఆంధ్రప్రదేశమున వెయ్యిమందికి మించి మరణించిరి. ఎండలో పనిచేయువారికే గాక, రాత్రియు చల్లబడని ఇంటిలో నుండు వృద్ధులకును ఆ వేడి ప్రమాదమే. కావున ఈ మాసమున ఇంటి వేడి చలువలను గూర్చి వ్రాయుచున్నాము.

1. మట్టి చేయు పని

మే నెల మధ్యాహ్నమున పొలము గట్టుమీద వట్టికాళ్లతో నిలువలేము. అచ్చటనే మూరెడు లోతు త్రవ్వి మట్టిని చేతబట్టిన చల్లగా నుండును. మట్టి వేడిని మెల్లగా పుచ్చుకొని మెల్లగా విడుచును. పగటి ఎండ అడుగున్నర లోతునకు దిగులోపలనే ప్రొద్దు క్రుంకి, రాత్రి దానిని వెనుకకు లాగుకొనును. ఇరువది అడుగుల లోతున వేసవికిని శీతకాలమునకును గల భేదము సయితము స్వల్పము. మెట్ట గ్రామములలో జొన్నలు పాతరవేసిన పెద్దలు ఈ గుణమును వాడుకొనిరి. చైనా దేశమున పసుపుమట్టి గుట్టలను తొలిచియు, ఆస్ట్రేలియాలోని కూబర్ పేడీ అను గనుల ఊరిలో నేలక్రిందను జనులు కాపురముండుటకు కారణమిదియే.

2. మన సీమకు తగినది

మనకు గుంటయిల్లు పనికిరాదు. రేపల్లె ప్రక్క నీరు నేలకు సమీపముననే యుండును. తెనాలి నల్లరేగడి తడిసి ఉబ్బి, ఎండి బీటలు వారును. బాపట్ల తీరపు ఇసుకలో గుంట నిలువదు. మనము నేలలోనికి పోలేము గనుక, మన పెద్దలు నేలనే పైకి తెచ్చి మందపు మట్టిగోడ పెట్టిరి. తాటాకు కప్పి, చూరును క్రిందికి దింపిరి.

అడుగు మందముగల మట్టిగోడ గుండ ఎండవేడి లోపలికి వచ్చుటకు సుమారు 8 మొదలు 10 గంటలు పట్టును. నాలుగంగుళముల శ్లాబులో నది మూడు గంటలలోనే దిగును. రాత్రి భోజనము వేళ శ్లాబు ఇంటిలో నిలిచి చేయి పైకెత్తి చూడుడు; కప్పునుండి వేడి దిగుట తెలియును.

అయితే ఒక హెచ్చరిక. మందపు గోడ మేలు చేయుట నీడనుబట్టి యుండును. పడమటి గోడకు సాయంకాలపు ఎండ తగిలినచో ఆ వేడి అర్ధరాత్రి మంచము చెంతకు చేరును.

3. సూర్యుని నడక

మే నెల మొదటి వారమున మధ్యాహ్నవేళ సూర్యుడు మన మూడు పట్టణములకును నడినెత్తిన నిలుచును. కావున వేసవిలో మొదటి శత్రువు కప్పుమీది ఎండ. తరువాత తూర్పు పడమరల ఎండ. డిసెంబరులో సూర్యుడు దక్షిణమునకు వాలును. దక్షిణపు చూరు మూడడుగులు ముందుకు వచ్చినచో, ఏప్రిల్ నెల మధ్యాహ్నపు ఎండ గోడకు తగులదు. డిసెంబరులో మాత్రము గోడ క్రింది భాగమునకు తగులును. ఆ వేడి రాత్రి తొమ్మిది పది గంటలకు లోపలికి వచ్చి, సంక్రాంతి చలిలో పసిబిడ్డలకు కట్టెల ఖర్చులేని కాపుదల యగును.

4. చేయవలసిన పనులు

క్రొత్త ఇల్లు కట్టువారు పొడవు ప్రక్కలు ఉత్తర దక్షిణములకు వచ్చునట్లు కట్టుడు. పడమట పంచ గాని, చెట్టు గాని, పశువుల కొట్టము గాని యుండవలెను. గోడ క్రింద రాతితోగాని ఇటుకతోగాని ఎత్తైన అరుగు లేనిచో వరదనీటికి మట్టి కరగును.

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరగ్రామములను గూడ దెబ్బతీసెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. ఇట్టి భయమున శ్లాబు వేసికొన్నవారిని మేము తప్పుపట్టము. తీరమున గట్టి కప్పు ప్రాణరక్ష. దానిని చల్లబరచు విధమే నేర్వవలెను.

శ్లాబుపై వేసవికి ముందు రెండు పూతలు తెల్లసున్నము వేయుడు. దానిపై పందిరి వేసి ఆనప, బీర పాదులు ప్రాకింపుడు. తుపాను వార్త వచ్చినప్పుడు పందిరి విప్పివేయుడు. ఇంజనీరు నడుగక శ్లాబుపై మట్టి పోయరాదు. పదియడుగుల చదరపు గదిపై ఆరంగుళముల తడిమట్టి రెండున్నర టన్నులకు మించి తూగును.

తెనాలి ప్రక్కవారు వేసవిలో రాత్రియంతయు కిటికీలు తెరచి, ప్రొద్దు ఎక్కగనే మూయుడు. బాపట్ల తీరమువారు సముద్రపు గాలి వీచగనే తెరువుడు. చెమట ఆరుటకు గాలియే దిక్కు గనుక, ఉక్కపోయు ఇంటిని మూసి యుంచరాదు.

ఇల్లు కట్టుటకు అప్పు తీసికొనబోవు సభ్యులు మొదట రెండు ఇండ్లలో ఒక్కొక్క రాత్రి పండుకొని చూడుడు: ఒకటి పాత మట్టిగోడల ఇల్లు, రెండవది నీడలేని శ్లాబు ఇల్లు. అప్పు పదేండ్లలో తీరవచ్చును. ఇల్లు మాత్రము మన మనుమల కాలమువరకు నిలుచును. అందులో వేడిని భరించువారు మన తల్లులును బిడ్డలునే యని మరువకుడు.