చెరలో ఉన్నవారికి ఏ విడుదల?



మొన్న ఆదివారం ఆలమూరులో దివ్యబలిపూజ ముగిసిన తర్వాత ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నా కోసం ఆగింది. ఆమె కుమారుడు ఏడు నెలలుగా రాజమండ్రి సెంట్రల్ జైలులో రిమాండు ఖైదీగా ఉన్నాడు. ములాఖత్ రోజున ఆమె బస్సెక్కి వెళ్ళి వాణ్ణి చూసి వస్తుంటుంది. "ఫాదర్ గారండీ, చెరలో ఉన్నవాళ్ళకి విడుదలని ఇప్పుడే చదివేరు గదండీ. మావాడికి ఎప్పుడండీ?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ వారం పాఠము ఆ ప్రశ్నే.

మనము చదివినది లూకా 4వ అధ్యాయం. నజరేతు ప్రార్థనా మందిరంలో యేసు ప్రభువు యెషయా గ్రంథం 61వ అధ్యాయం విప్పి చదివారు. పేదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల అనే మాటలు అక్కడివే. ఆ ప్రవచనము నేడే నెరవేరినదని కూడా చెప్పారు. ఆయన బంధువైన స్నాపక యోహాను మాత్రం చెరసాలలో ఉన్నారు. అది మృత సముద్రానికి తూర్పున ఉన్న మకేరుస్ కోట అని యూదా చరిత్రకారుడు యోసేపుస్ వ్రాశాడు. అక్కడినుండి యోహాను తన శిష్యులను పంపి, రావలసినవారు మీరేనా అని అడిగించారు.

ప్రభువు ఇచ్చిన జవాబును (మత్తయి 11:2-6) ఇంట్లో ఒకసారి నిదానంగా చదవండి. గ్రుడ్డివారికి చూపు వచ్చింది, కుంటివారు నడుస్తున్నారు, కుష్ఠరోగులు శుద్ధులయ్యారు, చెవిటివారు వింటున్నారు, మృతులు లేస్తున్నారు, పేదలకు సువార్త అందుతోంది. జాబితా అక్కడితో అయిపోయింది. నజరేతులో చదివిన చెర విడుదల మాట మాత్రం ఇందులో లేదు! కబురు పంపినవాడే చెరలో ఉన్నాడు. దీనిని మరపు అని నేననుకోను. తన విషయంలో అభ్యంతరపడనివాడు ధన్యుడని ప్రభువు చివర చేర్చడం చూస్తే, యోహానుకు కలిగే బాధ ఆయనకు తెలుసుననిపిస్తుంది. ఆ తర్వాత యోహాను శిరచ్ఛేదనము జరిగింది. ఏటా ఆగస్టు 29న తిరుసభ దానిని స్మరించుకుంటుంది.

అపోస్తలుల కార్యములు 12వ అధ్యాయమైతే ఇంకా కఠినం. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. పేతురును పదహారుగురు సైనికుల కాపలాలో ఉంచితే దేవదూత వచ్చి సంకెళ్ళు విడిపించాడు. ఒకే అధ్యాయం, ఒకే సంఘం. యాకోబు కోసం ఎవరూ ప్రార్థించలేదని చెప్పగలమా? విశ్వాసం ఉంటే జైలు తలుపు తెరుచుకుంటుందని ఎవరైనా బోధిస్తే, యాకోబుకు విశ్వాసం తక్కువైందని చెప్పినట్లే. మన ఊళ్ళలో అలాంటి బోధ వినబడుతూనే ఉంది కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

మన గోదావరి వారికి చెర, భక్తి అనగానే గోల్కొండలో ఖైదైన కంచెర్ల గోపన్న, అనగా భద్రాచల రామదాసు గుర్తుకు వస్తాడు. ఆయన మీద నేరం భక్తి కాదు, సర్కారు పన్ను సొమ్ము గుడికి ఖర్చుపెట్టడం. చెరలో ఉండి తన దేవుణ్ణే నిలదీశాడు. మన దావీదు కీర్తనలలోనూ అటువంటి నిలదీత తక్కువేమీ లేదు. ఆ తల్లి అడిగినదీ అలాంటిదే. అది పాపమని ఆమెకు ఎవరూ చెప్పకూడదు.

ఇంకొక సంగతి. జైలు పుస్తకంలో నేరము పేరు 'విశ్వాసము' అని చాలా అరుదుగా ఉంటుంది. ఫిలిప్పీలో పౌలు, సీలలపై పడిన నేరం పట్టణంలో అల్లరి రేపడం. అసలు కారణం, సోదె చెప్పే దాసికి స్వస్థత కలగడంతో ఆమె యజమానుల రాబడి పోవడం. తిరువాన్కూరు రాజ్యపు ఉద్యోగి పునీత దేవసహాయం 1745లో జ్ఞానస్నానం పొందారు. 1749లో బంధింపబడి, 1752 జనవరి 14న కాల్చి చంపబడ్డారు. ఆయన చెరకు కారణం మతమా, రాజకీయమా అని నేటికీ వాదించేవారున్నారు. తిరుసభ మాత్రం విచారించి వేదసాక్షి అని నిర్ణయించింది. 2022 మే 15న ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. ఆయనకు మూడేళ్ళపాటు ఏ దేవదూతా తలుపు తీయలేదు.

ఫిలిప్పీ చెరసాలకే మళ్ళీ వద్దాం (అపో.కా. 16). అర్ధరాత్రి భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నా ఖైదీలెవరూ పారిపోలేదు. అందరూ పారిపోయారనుకుని జైలు అధికారి తన కత్తి మీద పడబోతే పౌలు కేక వేసి ఆపాడు. ఆ రాత్రి నిజంగా విడుదలైనవాడు ఆ అధికారే. ఖైదీల గాయాలు కడిగి, ఇంటిల్లిపాదీ జ్ఞానస్నానం పొందారు. తెల్లవారాక అధికారులు వెళ్ళిపొమ్మంటే పౌలు ఒప్పుకోలేదు. తాము రోమను పౌరులమని, విచారణ లేకుండా కొట్టించినవారే స్వయంగా వచ్చి విడిపించాలని పట్టుబట్టాడు. సంకెళ్ళలో పాటలు పాడిన మనిషే పొద్దున చట్టం మాట్లాడాడు. ఈ రెంటికీ వైరం లేదు.

అందుచేత ఆ తల్లికి తర్వాత నేను చెప్పినది ఇది: "అమ్మా, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో నాకు తెలియదు. జపమాల మానవద్దు, వకీలును అడగడమూ మానవద్దు." 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. జైలు అధికారుల ద్వారా కూడా పంపవచ్చు. ఈ సంగతి మన విచారణలలో చాలామందికి తెలియదు.

హెబ్రీయుల లేఖ 13:3 మరొక భారం కూడా మోపుతోంది. ఖైదీలతో పాటు మనమూ సంకెళ్ళలో ఉన్నట్లు వారిని తలచుకోవాలట. దరఖాస్తు కాగితం వ్రాయడానికి మన ఉపదేశిగారు ఒప్పుకున్నారు. ఈసారి ములాఖత్ రోజున ఆయన భార్య కూడా ఆ తల్లితో బస్సెక్కుతానన్నారు. ఇన్నాళ్ళూ ఆమె ఒక్కతే వెళ్ళి వస్తోందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.