నాయకుడు లేని రోజున పని నడవాలి



సేవా సంస్థలకు డబ్బు ఇబ్బంది ఎప్పుడూ ఉండేదే. దానికంటే పెద్ద ఇబ్బంది మనుషులది. రంజాన్ నెలలో రేషన్ కిట్లు పంచే రోజున యాభై మంది కుర్రాళ్ళు వస్తారు. అదే కుర్రాళ్ళను ఏడాది పొడుగునా సాయంత్రం ట్యూషన్ చెప్పమంటే నెల తిరిగేసరికి ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం వచ్చి ఊరు విడిచి వెళితే ట్యూషన్ మూతపడుతుంది. అప్పటికి పదో తరగతి పరీక్షలకు రెండు నెలలే ఉండవచ్చు. నష్టపోయేది ఇంట్లో లెక్కలు చెప్పేవారు లేని పిల్ల.

ఇలా జరిగినప్పుడు "ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదు" అనేస్తాం. అలా అనేముందు మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. వాళ్ళు పనిలో నిలిచేలా మనం ఏం చేశాం? తన కింద పనిచేసేవారిలో ఉత్సాహం నింపడం నాయకుడి పని. ఆ ఉత్సాహం నిజమైనదా కాదా అన్నది నాయకుడు ఎదురుగా ఉన్నప్పుడు తెలియదు. ఆయన ఊళ్ళో లేని రోజున తెలుస్తుంది. ఆ రోజు కూడా పని నడిస్తే ఆయన మనుషులను తయారుచేశాడని అర్థం. ఆగిపోతే అన్ని రోజులూ ఆయన ఒక్కడే పనిచేశాడని అర్థం.

ఈ విషయంలో మనకు పాఠం చెప్పే చరిత్రలు మూడున్నాయి. ఒకటి మదీనాలో, రెండోది ధవళేశ్వరంలో, మూడోది మన పిఠాపురంలోనే జరిగింది.

మదీనా: పలుగు పట్టిన నాయకుడు

హిజ్రీ 5వ సంవత్సరం, అంటే క్రీ.శ. 627. సుమారు పదివేల సైన్యం మదీనా మీదికి వస్తోంది. లోపల ఉన్నవారు మూడు వేలు. ఏం చేయాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులను అడిగారు. పర్షియా నుంచి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తమ దేశంలో ఇలాంటప్పుడు కందకం తవ్వుతారని చెప్పారు. అరబ్బులకు ఆ పద్ధతి కొత్త. సల్మాన్ (రజి) అప్పటికి కొంతకాలం ముందే బానిసత్వం నుంచి బయటపడిన పరదేశి. అయినా ఆ సలహానే ప్రవక్త (స) స్వీకరించారు.

పని పంచిన తీరు కూడా చూడండి. పదిమందికి నలభై మూరల చొప్పున భాగాలు వేశారని చరిత్రకారులు చెబుతారు. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రతి జట్టుకూ తెలుసు. చలి, ఆకలి అందరికీ సమానం. ప్రవక్త (స) స్వయంగా తవ్వారు, మట్టి మోశారు. నాయకుడి ఒంటి మీద మట్టి చూసినవాడికి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ఇంకొక సంఘటన హిజ్రీ 11వ సంవత్సరం నాటిది. ప్రవక్త (స) తన చివరి రోజుల్లో ఒక సైన్యానికి హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)ని నాయకునిగా నియమించారు. ఆయన వయసు ఇరవై ఏళ్ళ లోపో, ఆ చుట్టుపక్కలో. సైన్యంలో పెద్ద పెద్ద సహాబాలు ఉన్నారు. ఇంత చిన్నవాడినా అని కొందరు గొణిగారు. ప్రవక్త (స) అనారోగ్యంతో ఉండి కూడా బయటికి వచ్చి ఉసామాను అందరి ముందూ సమర్థించారు. ఆ సైన్యం బయలుదేరకముందే ఆయన పరమపదించారు.

తరువాత ఖలీఫా అయిన హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ నియామకాన్ని మార్చలేదు. సైన్యాన్ని సాగనంపడానికి ఉసామా వాహనం మీద ఉండగా తాను పక్కన నడిచారు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనాలో తనకు తోడుగా అవసరమని, ఆయనను విడిచి వెళ్ళడానికి ఆ యువకుణ్ణి అనుమతి అడిగారు. ఆజ్ఞాపించగల ఖలీఫా అడిగి తీసుకున్నారు. బాధ్యత ఇవ్వడమంటే అది. పదవి ఇచ్చి, నిర్ణయాలన్నీ మన జేబులో పెట్టుకుంటే అది బాధ్యత ఇచ్చినట్టు కాదు.

ధవళేశ్వరం: దొర సెలవులో ఉన్నా ఆగని ఆనకట్ట

ఇప్పుడు మన గోదావరికి వద్దాం. ఈ రోజు పచ్చగా కనిపించే ఈ డెల్టా రెండు వందల ఏళ్ళ క్రితం ఇలా లేదు. 1832-33 నాటి కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన ఈ ప్రాంతాన్ని కుంగదీశాయి. 1821లో సుమారు 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. పక్కనే గోదావరి పారుతుండగా జనం తిండి లేక పోయారు.

ఆనకట్ట పని 1847లో మొదలైంది. సర్ ఆర్థర్ కాటన్ అడిగినంత మంది ఇంజినీర్లను, తాపీ మేస్త్రీలను ప్రభుత్వం ఇవ్వలేదు. అనుభవం లేని కొద్దిమంది యువకులే దొరికారు. ఉన్నవాళ్ళకే పని నేర్పుకుంటూ మొదలుపెట్టాడు. మంచివాళ్ళు దొరికాకే మొదలుపెడదాం అని కూర్చునే సంఘాలకు ఇది మొదటి పాఠం.

రెండో పాఠం, కింది వారి నుంచి నేర్చుకోవడం. ఇసుక మీద పునాది ఎలా నిలబెట్టాలో కాటన్ తంజావూరు ప్రాంతంలో కావేరి మీది కల్లణైని చూసి తెలుసుకున్నాడు. ఆ పాత చోళుల కట్టడాన్ని, దాన్ని కట్టిన స్థానికుల తెలివిని ఆయన బాహాటంగా మెచ్చుకున్నాడు. పాలించే జాతివాడు పాలితుల దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు.

మూడో పాఠం పేరు వీణెం వీరన్న. మొదటి ఏడాదిలోనే సుమారు పదివేల మంది కూలీలు పనిలో ఉన్నారు. వడ్రంగులు, కమ్మరులు వేరే. వీళ్ళ భాష దొరకు రాదు, దొర భాష వీళ్ళకు రాదు. మధ్యలో నిలిచింది తెలుగువాడైన వీరన్న. కూలీలను కూడగట్టడం, వాళ్ళను నడపడం, వాళ్ళ కష్టం పైకి చెప్పడం ఆయన పని. కాటన్ ఆయనను నమ్మాడు. ఆ నమ్మకాన్ని దాచుకోలేదు, పై అధికారుల ముందు ఆయన సేవను పొగిడాడు. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. ఇప్పటికీ ఆనకట్ట కథ చెప్పే పెద్దలు కాటన్ పేరు వెంటే వీరన్న పేరు చెబుతారు. తన కింద పనిచేసినవాడి పేరు తన పేరుతో పాటు బతికేలా చేసిన నాయకులు ఎంతమంది ఉంటారు?

నాలుగోది అన్నిటికంటే పెద్దది. 1848లో కాటన్ ఆరోగ్యం చెడి సెలవు మీద వెళ్ళవలసి వచ్చింది. పని కెప్టెన్ ఆర్ చేతికి వచ్చింది. కాటన్ తిరిగి వచ్చింది 1850లో. ఆ మధ్యలో గోదావరికి వరదలు రాకుండా ఆగలేదు, పనీ ఆగలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సాగిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఈ రోజు సుమారు పది లక్షల ఎకరాలకు ఆ నీరే ఆధారం. కాటన్ గొప్పతనానికి ఆయన పనిచేసిన రోజులు ఎంత సాక్ష్యమో, ఆయన లేని రోజులూ అంతే సాక్ష్యం.

పిఠాపురం: ఇచ్చి నమ్మిన దాత

దాతలు ప్రత్యేకంగా చదవవలసిన పాఠం మన ఊరిదే. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూర్ వారి దానాల గురించి ఈ ఊళ్ళో తెలియనివారు లేరు. దానం చేసిన తరువాత ఆయన ఏం చేశారన్నది మాత్రం తక్కువగా చెప్పుకుంటాం.

కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు 1919 వరకు సుమారు పదిహేనేళ్ళు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. అంతకుముందు సికిందరాబాదు మహబూబ్ కళాశాలను నడిపినవారు. దళిత విద్యార్థులకు, ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెరిచారు. పేద పిల్లలకు అండగా నిలిచారు. ఆ రోజుల్లో ఇవి కొందరు పెద్దలకు మింగుడుపడని పనులు. వాళ్ళ మాట విని రాజావారు వెనక్కి తగ్గితే నాయుడు గారు ఏమీ చేయలేకపోయేవారు. రాజావారు తగ్గలేదు. కాకినాడలో అనాథ శరణాలయాన్నీ, దళిత విద్యార్థుల వసతి గృహాన్నీ కూడా పోషించారు.

ఆ నమ్మకాన్ని నాయుడు గారు తన విద్యార్థులకు అందించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, చలం ఇద్దరూ ఆ కళాశాలలో చదివినవారే. ఇద్దరి దారులు వేరు. ఆయన ప్రభావం మాత్రం ఇద్దరి మీదా ఉంది. తనలాంటి వాళ్ళను తయారుచేయడం సులువు. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడేవాళ్ళను తయారుచేయడమే కష్టం.

రాజావారి పేరు మీద వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు సంగతీ ఇలాంటిదే. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో పండితులు ఏళ్ళ తరబడి పనిచేశాక 1936లో మొదటి సంపుటం వెలువడింది. పంతులు గారు 1941లో కన్నుమూశారు. అయినా తరువాతి సంపుటాలు వెలువడ్డాయి. ఫలితం త్వరగా కనిపించని పనికి డబ్బు ఇచ్చి, ఓపిక కూడా ఇవ్వడం దాత చేయగల మేలులో గొప్పది.

చదువు చెప్పే శాస్త్రం ఏమంటోంది

అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను వారి పని గురించి అడిగి, ఫలితాలను 1959లో ప్రచురించాడు. ఆయన తేల్చిన విషయం ఇది. జీతం, పైవారి ప్రవర్తన, పనిచేసే చోటు బాగాలేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది. అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఏదో సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల ఉన్నప్పుడే ఉత్సాహం వస్తుంది. కాబట్టి రెండూ కావాలి. గౌరవ వేతనం ఎగ్గొట్టి శాలువా కప్పితే సరిపోదు. వేతనం పెంచి మాట్లాడనివ్వకపోయినా సరిపోదు.

తరగతి గదిలో మేము రోజూ చూసేదీ ఇదే. వెనక బెంచీలో అల్లరి చేసే పిల్లవాడికి సైన్స్ ల్యాబ్ తాళం చెవి ఇస్తే మరుసటి రోజు అందరికంటే ముందు వస్తాడు. తాళం చెవి విలువ పది రూపాయలు. దానితో పాటు ఇచ్చిన నమ్మకానికి వెల లేదు.

మన సంఘాలలో ఏం చేయవచ్చు

1. ఇవ్వవలసినది సమయానికి ఇవ్వండి. ట్యూషన్ చెప్పే అమ్మాయికి ఇచ్చేది రెండు వేలైనా ఒకటో తారీకున అందాలి. పనిచేసినవాడి కూలి ఆలస్యం చేయరాదని ప్రవక్త (స) బోధించిన సమాజం మనది. ఆ అమ్మాయి అడిగి తీసుకోవలసిన పరిస్థితి రాకూడదు.

2. నిర్ణయానికి ముందు మష్వరా చేయండి. కిట్లు ఎలా పంచాలో, ఏ వీధిలో నిజంగా అవసరం ఉందో వీధుల్లో తిరిగే కుర్రాడికి తెలిసినంత కమిటీకి తెలియదు. నిర్ణయం అయిపోయాక పిలిచి చెప్పడం సంప్రదింపు అనిపించుకోదు.

3. పని మొత్తం అప్పగించండి. "మెడికల్ క్యాంపులో సాయం చెయ్యి" అనడం వేరు, "మందుల కౌంటర్ నీది, దానికి ఇంత డబ్బు, లెక్క నువ్వే రాయాలి" అనడం వేరు. కందకంలో నలభై మూరల లాగా ఎవరి భాగం వారికి తెలియాలి.

4. పేరు పెట్టి మెచ్చుకోండి, చాటుగా సరిదిద్దండి. "కార్యకర్తలందరికీ ధన్యవాదాలు" అనే మాట ఎవరికీ చెందదు. "జనాజా ఏర్పాట్లకు అర్ధరాత్రి వచ్చింది ఫలానా అబ్బాయి" అంటే అది అతని తల్లిదండ్రుల చెవికి కూడా చేరుతుంది. తప్పు జరిగితే మాత్రం నలుగురిలో నిలదీయకండి. అలా నిలదీస్తే మిగిలిన నలుగురూ కూడా దూరమవుతారు.

5. ప్రతి పనికీ రెండో మనిషిని సిద్ధం చేయండి. అధ్యక్షుడు, కార్యదర్శి ఏడాదిలో ఒక నెల కావాలనే పక్కకు జరిగి, పని యువకులకు వదలాలి. ఎక్కడ తడబడుతున్నారో అప్పుడే తెలుస్తుంది. తడబాటు నేర్చుకోవడంలో భాగమే.

ఇక దాతలకు ఒక విన్నపం. సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు అడగడం మీ హక్కు, తప్పకుండా అడగండి. దానితో పాటు మరో రెండు ప్రశ్నలు కూడా అడగండి. ఈ ఏడాది కొత్తగా ఎవరికి బాధ్యత ఇచ్చారు? పోయిన ఏడాది పనిచేసినవారిలో ఎంతమంది ఇంకా ఉన్నారు? మీ రూపాయి ఎంతకాలం పనిచేస్తుందో ఈ రెండు జవాబులు చెబుతాయి. బియ్యం బస్తా నెలలో అయిపోతుంది. ఆ బస్తా ఇచ్చే చేతులు నిలిస్తే పై ఏడాది కూడా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

మన తరువాత కూడా ఈ సేవ సాగేలా మనుషులను తీర్చిదిద్దే శక్తిని, వారిని నమ్మే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.