పట్టా చేతికందిన పిమ్మట



డిగ్రీ ఫలితములు వెలువడిన మరునాడు మా ఉపాధ్యాయుల గది ముందు ప్రతి సంవత్సరము ఒకే దృశ్యము కనబడుచుండును. మిఠాయి పొట్లము చేతబట్టుకొని విద్యార్థి వచ్చును. వెనుక తండ్రి నిలిచి యుండును. సంతోషపు మాటలు ముగిసిన పిమ్మట తండ్రి గొంతు తగ్గించి, "అయ్యా, చదువు అయినది. ఇక ఏమి చేయించమందురు?" అని అడుగును. మూడు సంవత్సరములు పాఠములు చెప్పిన మేము ఆ ఒక్క ప్రశ్నకు నిలుచున్నచోట సమాధానము చెప్పలేకపోయిన సందర్భములు అనేకము. ఆ లోటును కొంతవరకైనను తీర్చుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

1. సిఫారసు అను భ్రమ

మా విద్యార్థి ఒకడు వాణిజ్యశాస్త్రమున మంచి మార్కులతో 23వ యేట పట్టభద్రుడైనాడు. దూరపు బంధువు ఒకాయన "పెద్దవారితో మాట్లాడితిని, మీ వానికి ఎక్కడో ఒకచోట చూపించెదరు" అని అభయమిచ్చినాడు. కుటుంబమంతయు ఆ మాట పట్టుకొని కూర్చున్నది. ఈ పండుగకు, పై పండుగకు అనుచు నాలుగు సంవత్సరములు గడచిపోయినవి. ఆ నాలుగేండ్లలో అతడు ఒక్క పరీక్షకైనను దరఖాస్తు పెట్టలేదు. దరఖాస్తు పెట్టినచో ఆ పెద్దమనిషికి కోపము వచ్చునేమో అని భయము! 27వ యేట మా యొద్దకు వచ్చినాడు. బ్యాంకు గుమాస్తా పరీక్షకు సాధారణ అభ్యర్థి గరిష్ఠ వయస్సు 28 సంవత్సరములు. మిగిలినది ఒకే అవకాశము. రాత్రింబవళ్ళు చదివి వ్రాసినాడు. కొద్ది మార్కులలో తప్పిపోయినది.

నేడు అతడొక ధాన్యపు వర్తకుని కొట్టులో లెక్కలు వ్రాయుచున్నాడు. అది నిజాయితీగల పనియే, అందులో చిన్నతనమేమియు లేదు. కాని మొన్న కలిసినప్పుడు, "నా పేరు వ్రాయవద్దు గాని నా సంగతి మాత్రము పిల్లలకు తప్పక చెప్పండి" అని కోరినాడు. అందువలననే ఈ సంగతిని మొదటనే చెప్పుచున్నాము.

ఒక విషయము గ్రహింపుడు. కేంద్ర ప్రభుత్వములో గ్రూపు 'సి' ఉద్యోగములకును, గెజిటెడు కాని గ్రూపు 'బి' ఉద్యోగములకును 2016 జనవరి 1వ తేదీ నుండి ఇంటర్వ్యూలు రద్దు చేయబడినవి. బ్యాంకు గుమాస్తా నియామకములోను ఇంటర్వ్యూ లేదు. ప్రశ్నపత్రము కంప్యూటరుపై వచ్చును, జవాబును కంప్యూటరే దిద్దును. ఇట్టిచోట ఎవరి సిఫారసు ఎవరికి ఉపకరించును? ఉపకరించెదనని చెప్పువాడు తెలియక చెప్పుచున్నాడు, లేదా తెలిసి మోసగించుచున్నాడు.

2. పేరు సరిచూచుకొనుడు

ఇది చిన్న విషయమువలె కనబడును గాని, మన కళాశాల విద్యార్థులకు దీనివలన కలిగినంత నష్టము మరి దేనివలనను కలుగుట మేము చూడలేదు. మన ఇండ్లలో ఒక్క పేరును నాలుగు విధములుగా వ్రాయుదురు. పదవ తరగతి పత్రములో 'మహమ్మద్' అని పూర్తిగా ఉండును. ఆధారు కార్డులో 'ఎం.డి.' అని పొట్టిగా ఉండును. డిగ్రీ పత్రములో 'షేక్' ముందు వచ్చును, బ్యాంకు పుస్తకములో 'ఎస్.కె.' అని చివర చేరును. ఉర్దూలో ఒకే అక్షరములతో వ్రాయు పేరు ఇంగ్లీషులోనికి పోవునప్పుడు ఒక్కొక్క గుమాస్తా చేతిలో ఒక్కొక్క రూపము దాల్చును. తండ్రి పేరు సంగతియు ఇంతే.

పరీక్ష నెగ్గి పత్రముల పరిశీలనకు పోయిన దినమున అధికారి, "ఈ ఇద్దరును ఒక్కరే అనుటకు నిదర్శనమేమి?" అని అడిగినచో ఏమి చెప్పగలరు? కనుక ఫలితములు వచ్చిన మొదటి మాసముననే పత్రములన్నిటిని బల్లపై పరచి, అక్షరము అక్షరము పోల్చి చూచుకొనుడు. పదవ తరగతి పత్రములోని పేరును, పుట్టిన తేదీని ప్రమాణముగా తీసికొని, మిగిలిన వానిని దానికి అనుగుణముగా దిద్దించుకొనుడు. దరఖాస్తులో కూడ ఆ రూపమునే వ్రాయుడు.

కుల ధ్రువపత్రముల విషయమున మరియొక జాగ్రత్త అవసరము. 2007 చట్టము ప్రకారము కొన్ని ముస్లిం వర్గములకు 'బి.సి.–ఇ' క్రింద 4 శాతము రిజర్వేషను రాష్ట్ర నియామకములలో లభించుచున్నది. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. రాష్ట్రములో వెనుకబడిన తరగతియైన వర్గము కేంద్ర జాబితాలో లేకపోవచ్చును. అట్టివారు కేంద్ర ఉద్యోగమునకు ఓ.బి.సి. అని దరఖాస్తు పెట్టినచో చివరి దశలో తొలగింపబడుదురు. కేంద్ర జాబితాలో లేనివారి కుటుంబ వార్షికాదాయము 8 లక్షల రూపాయల లోపు ఉండి, ఆస్తి నియమములకు లోబడి యున్నచో, 2019లో ఏర్పడిన ఆర్థికముగా వెనుకబడినవారి 10 శాతము కోటాకు అర్హులు కావచ్చును. ఏ పత్రము ఎక్కడ చెల్లునో ముందుగా తెలిసికొని తహసీల్దారు కార్యాలయమునకు పోవుట మంచిది.

3. తెరచియున్న ద్వారములు

ఒకప్పుడు ఉద్యోగ కల్పనా కార్యాలయములో పేరు నమోదు చేయించి, పిలుపు కొరకు ఎదురు చూచుటయే మార్గముగా ఉండెను. పిలుపు రానివాడు పరీక్ష మొగమే చూడకపోయెడివాడు. 1996లో కృష్ణా జిల్లాకు చెందిన ఒక వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము, ఆ కార్యాలయము పంపిన పేర్లతో సరిపెట్టక పత్రికలలో కూడ ప్రకటించి, దరఖాస్తు పెట్టిన అర్హులందరిని పరిగణింపవలెనని తీర్పు చెప్పినది. తెలుగునేలపై పుట్టిన వివాదము దేశములోని నిరుద్యోగులకెల్ల మేలు చేసినది. 2015లో కేంద్ర ప్రభుత్వము 'నేషనల్ కెరీర్ సర్వీస్' అను పేర ఇంటర్నెట్టులో ఉచిత నమోదు సదుపాయము ఏర్పరచినది. అందు పేరు నమోదు చేయుడు. కాని నమోదు చేసి నిద్రపోవలదు.

బ్యాంకు పరీక్షల తొలి దశ స్వరూపము చూడుడు. గుమాస్తా పరీక్షలో 100 ప్రశ్నలు, 60 నిమిషములు. ఇంగ్లీషు 30, సంఖ్యాశాస్త్రము 35, తర్కము 35. ఒక్కొక్క భాగమునకు 20 నిమిషములు. తప్పు జవాబునకు పావు మార్కు కోత. అనగా ప్రశ్నకు నలువది క్షణములైనను లేవు. ఇట్టి పరీక్షకు జ్ఞానము ఎంత అవసరమో, చేతి అలవాటు అంత అవసరము. దినమునకు ఒక మాదిరి పత్రమును గడియారము ఎదుట పెట్టుకొని వ్రాయువాడు ఆరు మాసములలో సిద్ధపడగలడు. గడియారము లేకుండ పదిసార్లు చదివినవాడు సిద్ధపడలేడు.

ఇంగ్లీషు మాధ్యమమున చదువలేదని వెనుకంజ వేయవలదు. ప్రభుత్వరంగ బ్యాంకుల గుమాస్తా పరీక్షలను హిందీ, ఇంగ్లీషులతో పాటు 13 ప్రాంతీయ భాషలలో నిర్వహింపవలెనని 2021లో నిర్ణయము జరిగినది. వానిలో తెలుగు, ఉర్దూ రెండును కలవు. రైల్వే నియామక మండలి పరీక్షలును ఈ రెండు భాషలలో వ్రాయవచ్చును. ఇంగ్లీషు భాషా విభాగము మాత్రము ఇంగ్లీషులోనే ఉండును గనుక దినపత్రిక సంపాదకీయమును నిత్యము చదువుట తప్పదు.

సర్కారు కొలువు ఒక్కటే కొలువు కాదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టమును 2014లో సవరించిన పిమ్మట ఇంజనీరింగు చదువని పట్టభద్రులకును శిక్షణావకాశము కలిగినది. భృతి తక్కువే. అయినను ఒక సంవత్సరము కార్యాలయములో కూర్చుండి పని నేర్చినవానికిని, ఇంటిలో కూర్చున్నవానికిని గల భేదము తరువాతి ఇంటర్వ్యూలో మొదటి అయిదు నిమిషములలోనే తెలిసిపోవును.

4. రెండు భాషల ఆస్తి

మన విద్యార్థులలో చాలమందికి తెలుగు, ఉర్దూ రెండును చదువను వ్రాయను వచ్చును. దీనిని వారు ఆస్తిగా భావింపరు. ఇది మాకు ఆశ్చర్యము కలిగించును. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో ప్రారంభమగుటకు ముందు సంవత్సరమే, 1917లో, పాఠ్యగ్రంథముల కొరకు అనువాద సంస్థ ఒకటి స్థాపింపబడినది. అనగా ఈ నేలపై అనువాదము ఒక వృత్తిగా నిలిచి నూరేండ్లు దాటినది.

నేడు తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉర్దూ రెండవ అధికార భాషగా ఉన్నది. నిజాము కాలమునాటి భూమి దస్తావేజులు, సేత్వార్లు, పహాణీలు ఉర్దూ, పారశీకములలో ఉన్నవి. భూవివాదము వచ్చినప్పుడు వానిని చదివి తెలుగులో చెప్పగలవారి కొరకు కక్షిదారులు, న్యాయవాదులు వెదకుదురు. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము 1998లోను, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయము 2016లోను ఏర్పడినవి. ఉర్దూ మాత్రమే వచ్చినవాడు ఒక వంతు, తెలుగు మాత్రమే వచ్చినవాడు ఒక వంతు. రెండును శుద్ధముగా వచ్చినవాడు మూడు వంతులు అని మేము తరగతిలో చెప్పుచుందుము. అయితే ఇంటి మాట చాలదు. కార్యాలయపు ఉత్తరమును తప్పులేకుండ రెండు భాషలలో వ్రాయగలుగవలెను.

5. విద్యార్థినుల తల్లిదండ్రులకు ఒక మాట

మా విద్యార్థిని ఒకతె పరీక్ష నెగ్గినది. నియామకము పొరుగు జిల్లాలో వచ్చినది. ఇంటిలో వద్దన్నారు. ఆమె తల్లి మాత్రము, "ఒక్క మాసము నేను తోడుండెదను, తరువాత చూతము" అన్నది. తల్లి నిజముగనే వెంటపోయి, బ్యాంకుకు దగ్గరలో ఒక గది చూచి, ఒక మాసము కూతురితో ఉన్నది. రెండవ మాసమున ఆమె నిశ్చింతగా ఇంటికి తిరిగివచ్చినది. నేడు ఆ కుటుంబములో తమ్ముని చదువు ఆ జీతముపై సాగుచున్నది. అభ్యంతరము కలిగినప్పుడు నియామకపత్రమును తిరస్కరించుటకు ముందు ఆ ఒక్క మాసపు ఆలోచన చేయుడని తల్లిదండ్రులను వేడుకొనుచున్నాము.

6. మోసముల యెడ జాగ్రత్త

పని చేసినవానికి జీతము ఇచ్చుట లోకరీతి. పని ఇచ్చుటకు ధరావతు అడుగుట మోసపు రీతి. శిక్షణ రుసుమనియు, చీటీ ఖర్చనియు, లాప్‌టాప్ పూచీ అనియు అడిగినచో అచ్చటినుండి లేచి రండు.

విదేశముల విషయమున ఇంకను మెలకువ కావలెను. 1983 వలస చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను పంపు ఏజెంటు ప్రభుత్వము యొద్ద నమోదు పొందియుండవలెను. ఆ నమోదు నిజమో కాదో 'ఈ–మైగ్రేట్' జాబితాలో చూచుకొనవచ్చును. పదవ తరగతి ఉత్తీర్ణులైన వారికి సాధారణముగా వలస అనుమతి ముద్ర అవసరముండదు. ఇది సౌకర్యమే గాని, ఆ కార్యాలయపు తనిఖీ లేనందున పట్టభద్రుని జాగ్రత్త పట్టభద్రునిదే. సందర్శక వీసాపై పోయి ఉద్యోగము చేయుడనువాని మాట వినవలదు. కంప్యూటరులో వివరములు ఎక్కించు పని అని చెప్పి మన యువకులను కంబోడియాకు తరలించి, సైబరు నేరములు చేయించిన ముఠా సంగతిని 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు వెలికితీసినారు. అట్లు పోయినవారిలో చదువుకొన్నవారును కలరు.

7. ఉద్యోగములో ఉన్నవారికి

పూర్వ విద్యార్థులు కూడ ఈ సంచికను చదువుదురు గనుక వారికి మూడు మాటలు. మొదటిది: క్రొత్త నియామకపత్రము వ్రాతమూలకముగా చేతికి రానిదే పాత ఉద్యోగమునకు రాజీనామా ఇవ్వవలదు. రెండవది: విడిచిపోవునప్పుడు విడుదల పత్రము, అనుభవ పత్రము తప్పక పొందుడు. కోపముతో తలుపు వేసి వచ్చినవానికి తరువాత ఆ తలుపు తట్టవలసిన అవసరము కలుగును. మూడవది: ఉద్యోగము మారినప్పుడెల్ల భవిష్యనిధి సొమ్మును తీసివేసికొనవలదు, క్రొత్త ఖాతాకు మార్పించుకొనుడు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకములో నెలసరి పింఛనుకు 10 సంవత్సరముల సేవ కావలెను. మారినప్పుడెల్ల లెక్క తీర్చుకొనువాడు ఇరువది యేండ్లు పనిచేసియు ఆ పది యేండ్లను కూడబెట్టుకొనలేడు.

8. ముగింపు

ఫలితములు వచ్చిన మాసమున పత్రములు సరిచేసికొనుడు. రెండవ మాసమున ఒక పరీక్షను లక్ష్యముగా నిర్ణయించుకొనుడు. సిద్ధపడుచున్న కాలమున చిన్నదైనను ఒక పనిలో చేరుడు. ట్యూషను చెప్పినను, కొట్టులో లెక్కలు వ్రాసినను గౌరవమునకు భంగము లేదు. వచ్చిన ప్రతి ప్రకటనను ఒక నోటు పుస్తకములో చివరి తేదీతో సహా వ్రాసికొనుడు.

దైవము ఇచ్చునది దైవము ఇచ్చును. మన వంతు పని మనము చేయవలెను. వచ్చే సంవత్సరము మీలో ఒకరు మిఠాయి పొట్లముతో గాక నియామకపత్రముతో మా గది ముందు నిలిచినచో, కొట్టులో లెక్కలు వ్రాయుచున్న మా విద్యార్థి కోరిక నెరవేరినట్లే. ఆ పత్రమును మొదట అతనికి చూపుడు, పిమ్మట మాకు చూపుడు.