పథ్యంలో ఓట్స్ అట్టు: కొలత తెలిసి తింటేనే మేలు

ఈ రోజుల్లో షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, అధిక బరువు, వీటిలో ఏదో ఒకటి లేని ఇల్లు అరుదు. డాక్టరుగారో, డైటీషియనో ఉదయం ఇది, మధ్యాహ్నం ఇది, రాత్రి ఇది అని ఒక కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితం వారం రోజులు ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. ఆ తరువాత దాని వెనుక పాల లెక్క రాసుకుంటాం.

తినేవారికి మనసు గట్టిగా లేదని అంటారు గానీ, చాలా ఇళ్లలో కారణాలు వేరు. పథ్యం వంట ఒక్కరి కోసం విడిగా చేయాలి, అది చప్పగా ఉంటుంది. ఇది ఒకటి. ఏది తినాలో తెలుసు గానీ, ఎంత తినాలో తెలియదు. ఇది రెండోది. ఈ రెండు చిక్కులనూ అర్థం చేసుకోవడానికి ఓట్స్ పాన్‌కేక్‌ను ఒక పాఠంగా తీసుకుందాం.

పాన్‌కేక్ అనే పేరు కొత్తదే గానీ వస్తువు మనకు పాతదే. పిండిలో గుడ్డు, పాలు కలిపి పెనం మీద చిన్నగా, మందంగా పోసే అట్టు అది. అమెరికా వంటి చోట్ల మైదాతో చేసి, పైన వెన్న, తియ్యని పాకం వేసుకుంటారు. మనం మైదా బదులు ఓట్స్, పాకం బదులు కూరగాయలు వాడితే అది శనగపిండి చిల్లాకు చుట్టమవుతుంది.

ఓట్స్‌లో ఏముంది?

కొందరు ఓట్స్‌ను యవలు అంటారు. అది సరికాదు. యవలు అంటే బార్లీ. ఓట్స్ వేరే ధాన్యం.

ఓట్స్‌లో కెలోరీలు తక్కువ అనేది మరో పొరపాటు. 100 గ్రాముల ఓట్స్‌లో సుమారు 380 కెలోరీలు ఉంటాయి. బియ్యం, గోధుమల కన్నా ఇది తక్కువేమీ కాదు. తేడా అంతా పీచులోనూ, మాంసకృత్తులలోనూ ఉంది. 100 గ్రాముల ఓట్స్‌లో పీచు సుమారు 10 గ్రాములు, మాంసకృత్తులు సుమారు 13 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది.

ఓట్స్ పీచులో బీటా గ్లూకాన్ అనే భాగం ఉంది. ఓట్స్ జావ కాస్త జిగురుగా ఉండటానికి కారణం అదే. అది కడుపులో నీటిని పీల్చుకుని చిక్కబడుతుంది. అందువల్ల ఆహారం నెమ్మదిగా జీర్ణమై, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది. ఆకలి కూడా త్వరగా వేయదు. సంతృప్త కొవ్వు తక్కువగా ఉన్న ఆహారంలో భాగంగా రోజుకు 3 గ్రాముల ఓట్స్ బీటా గ్లూకాన్ తీసుకుంటే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ సంస్థ 1997లో అనుమతించింది. ఇక్కడ ‘ఆహారంలో భాగంగా’ అన్న మాట ముఖ్యం. 40 గ్రాముల ఓట్స్‌లో ఇది ఒకటిన్నర నుంచి 2 గ్రాముల వరకు మాత్రమే దొరుకుతుంది. ఓట్స్ మంచి ధాన్యమే, కానీ మందు కాదు.

కొనేటప్పుడు రోల్డ్ ఓట్స్ తీసుకోండి. ఇన్‌స్టంట్ రకం మరీ పలుచగా నొక్కి, ముందే ఉడికించినది కాబట్టి త్వరగా జీర్ణమై చక్కెరను త్వరగా పెంచుతుంది. మసాలా ఓట్స్ ప్యాకెట్ అయితే దాని వెనుక ఉప్పు, చక్కెర లెక్క చదివి నిర్ణయించుకోండి.

ఒక్కరికి కొలత (రెండు అట్లు)

- రోల్డ్ ఓట్స్: 40 గ్రాములు (సుమారు అర కప్పు)
- గుడ్డు: 1
- పెరుగు: 3 పెద్ద చెంచాలు
- ఉల్లి, క్యారెట్ తురుము, కొత్తిమీర: అన్నీ కలిపి అర కప్పు
- పచ్చిమిర్చి, జీలకర్ర: రుచికి తగినంత
- ఉప్పు: రెండు చిటికెలు
- నూనె: 1 టీ చెంచా, రెండు అట్లకూ కలిపి

గుడ్డు తినని వారు దానికి బదులు 20 గ్రాముల శనగపిండి వేసుకోవచ్చు.

చేసే విధానం

ఓట్స్‌ను సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు దోరగా వేయించి, చల్లారాక మిక్సీలో రవ్వలా తిప్పాలి. మెత్తని పిండి చేయవద్దు. ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా జీర్ణమవుతుంది, మనకు కావలసింది అది కాదు. ఆ రవ్వలో పెరుగు, కాసిని నీళ్లు కలిపి 10 నిమిషాలు నానబెట్టాలి. ఓట్స్ నీళ్లు పీల్చుకుని గట్టిపడతాయి. అప్పుడు గుడ్డు, కూరగాయలు, ఉప్పు కలిపి, ఇడ్లీ పిండి కన్నా కొంచెం జారుగా ఉండేటట్లు చూసుకోవాలి.

పెనం వేడెక్కాక సెగ తగ్గించి, అర చెంచా నూనె రాసి, సగం పిండిని అరచేయంత పోయాలి. మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచాలి. అంచులు ఆరి, పైభాగం తడి తగ్గాకే తిప్పాలి. గోధుమపిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ ఓట్స్‌లో ఉండదు. అందుకే తొందరపడి తిప్పితే అట్టు విరిగిపోతుంది. గుడ్డు గానీ, శనగపిండి గానీ కలపడం దానిని పట్టి ఉంచడానికే.

తియ్యగా కావాలంటే కూరగాయలు, పెరుగు, ఉప్పు మానేసి, సగం అరటిపండు మెదిపి, కొద్దిగా పాలు, దాల్చినచెక్క పొడి కలపండి. చక్కెర అవసరం లేదు.

లెక్క వేసి చూద్దాం

ఓట్స్‌కు సుమారు 155, గుడ్డుకు 70, పెరుగుకు 30, కూరగాయలకు 20, నూనెకు 40. మొత్తం దాదాపు 315 కెలోరీలు. మాంసకృత్తులు సుమారు 13 గ్రాములు, పీచు 5 గ్రాములు. ఒక పూట ఫలహారానికి ఇది చాలు.

ఇదే అట్టును నూనె సీసా వంచి పోసి కాల్చామనుకోండి. ఒక పెద్ద చెంచా నూనె పడితే 120 కెలోరీలు. రెండు అట్లకు రెండు చెంచాలు పడితే, నూనె ఒక్కటే ఓట్స్ మొత్తాన్ని మించిపోతుంది. పైన ఒక పెద్ద చెంచా తేనె వేస్తే అందులో సుమారు 17 గ్రాముల చక్కెర. తేనె మంచిదని రెండు చెంచాలు వేస్తే 34 గ్రాములు. చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకపోతే మంచిదన్నది నిపుణుల మాట. అట్టు పేరు మారలేదు, అందులోని సరుకు మారిపోయింది.

బదులుగా, అదనంగా కాదు

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన మాట ఇదే. రోజూ తినే నాలుగు ఇడ్లీలు తిని, ఆపైన ఆరోగ్యానికి మంచిదని ఓట్స్ కూడా తినేవారున్నారు. బరువు తగ్గలేదు, ఓట్స్ పని చేయలేదు అంటారు. ఓట్స్ అట్టు పళ్లెంలోకి రావాలంటే మరొకటి పళ్లెంలోంచి పోవాలి. కూడికతో పాటు తీసివేత కూడా ఉంటేనే పథ్యం లెక్క సరిపోతుంది.

ఓట్స్ ఖరీదు అందరికీ అందుబాటులో ఉండదు. దిగులు అక్కర్లేదు. పెసల్లో మాంసకృత్తులు ఓట్స్ కన్నా ఎక్కువ. పొట్టు తీయని పెసలతో, టీ చెంచా నూనెతో పోసిన పెసరట్టు ఈ అట్టుకు ఏమాత్రం తీసిపోదు. జొన్నపిండి అట్టూ అంతే. కొలత పాటించడమే అసలు సంగతి.

కొన్ని జాగ్రత్తలు

షుగరుకు ఇన్సులిన్ గానీ, మాత్రలు గానీ వాడేవారు సొంతంగా ఆహారం తగ్గించకూడదు. చక్కెర ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. వారు రంజాన్‌లో ఉపవాసం ఉండదలచుకుంటే, నెల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు, సహరీ, ఇఫ్తార్ ఆహారం మాట్లాడుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కూడా అడిగే తినాలి. పీచు అలవాటు లేనివారు సగం కొలతతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగాలి. లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది.

ఇంటి పని

ఒక్క వారం ఈ పని చేయండి. వంటగదిలో ఒక టీ చెంచా, ఒక కప్పు కొలతకని విడిగా పెట్టండి. ఉదయం ఏం తిన్నారు, ఎన్ని చెంచాల నూనె పడింది, దేనికి బదులుగా తిన్నారు, ఈ మూడూ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఇంటిల్లిపాదికీ ఒకే పిండి కలపండి. ఎదిగే పిల్లలకు మూడో అట్టు వేయండి, పథ్యం ఉన్నవారికి రెండుతో ఆపండి. వంట చేసే తల్లికో, కోడలికో రెండో పొయ్యి వెలిగించే శ్రమ తప్పుతుంది. పథ్యం తినేవారికి తాను విడిగా ఉన్నానన్న బాధా తప్పుతుంది. అందరూ కూర్చుని తినే పథ్యమే నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది.