ఫిట్స్ వచ్చిన బిడ్డకు రక్తపరీక్ష ఎందుకు?

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఇంట్లో జరిగిన విషయం గనుక, డాక్టర్లను అడిగి తెలుసుకున్నంత వరకు రాస్తున్నాను.

చింతామణిలో ఉండే మా తమ్ముని మనవరాలికి ఎనిమిదో నెలలో, జ్వరమేమీ లేకుండానే, ఫిట్స్ వచ్చాయి. ఇంట్లోవాళ్లు చేతిలో తాళంచెవి పెట్టారు, ఉల్లిగడ్డ వాసన చూపించారు. ఒకచోట సిరప్ రాసిచ్చారు. ఆ సీసా అయిపోకముందే మళ్లీ రెండుసార్లు వచ్చాయి. "తల్లికి థైరాయిడ్ ఉంది కదా, అదే బిడ్డకూ వచ్చింది" అని బాగేపల్లి బంధువులు తేల్చేశారు. చివరకు బెంగళూరులో రక్తం పరీక్షిస్తే థైరాయిడ్ సరిగానే ఉంది. తక్కువగా ఉన్నవి కాల్షియం, డి విటమిన్. తల్లికీ డి విటమిన్ తక్కువే. ఆ రెండూ ఇచ్చాక ఫిట్స్ ఆగిపోయాయి. మూడు నెలలు తేలని లెక్క ఒక్క కాగితంతో తేలింది.

పేర్లలోనే తికమక ఉంది. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి. దాని వెనుక బియ్యపుగింజంత చిన్నవి, సాధారణంగా నాలుగు, పారాథైరాయిడ్ గ్రంథులు. రక్తంలో కాల్షియాన్ని కాపాడేది ఇవే. ఇవి పనిచేయకపోయినా, డి విటమిన్ బాగా తగ్గినా కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. థైరాయిడ్ తక్కువైనందువల్ల నేరుగా ఫిట్స్ రావడం అరుదు. అది దెబ్బతీసేది బిడ్డ ఎదుగుదలను, తెలివిని. పుట్టిన కొద్దిరోజుల్లో మడమ నుండి రక్తపుచుక్క తీసి చూసి, రెండు వారాలలోపు మందు మొదలుపెడితే చాలామంది పిల్లలు అందరిలాగే చదువుకుంటారు.

ఇంకొక సంబంధం తిరగబడి ఉంటుంది. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు కొందరిలో టి.ఎస్.హెచ్. పెంచుతుంది. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ డి విటమిన్‌ను తగ్గించగలవు. ఇది చదివి మందు ఆపేయకండి, అది ప్రమాదం. పరీక్ష కావాలా అని డాక్టరునే అడగండి.

తెల్లవారుజామున, ఏమీ తినకముందు ఫిట్స్ వస్తుంటే రక్తంలో చక్కెర చూడాలి. వేలి చుక్కతో నిమిషంలో తెలుస్తుంది. వాంతులు, భేదులైన బిడ్డలో సోడియం చూస్తారు.

మనవైపు మేనరికాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు రావచ్చు. అటువంటివాటిలో బయోటినిడేజ్ లోపం ఒకటి. ఫిట్స్‌తో పాటు జుట్టు రాలుతుంది, చర్మంపై దద్దుర్లు వస్తాయి. బయోటిన్ అనే విటమిన్ రోజూ ఇస్తే అదుపులో ఉంటుంది. అందుకే మేనరికమైతే సిగ్గుపడక డాక్టరుకు చెప్పాలి.

ఆరు నెలల నుండి ఐదేళ్లలోపు పిల్లలకు జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు హాని లేనివే. అయినా మొదటిసారైతే చూపించాలి. ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టక, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఏ పూట, తిండికి ముందా తరువాతా, ఎంతసేపు అన్నది ఒక నోటుబుక్కులో రాసి, పాత రిపోర్టులతో పాటు తీసుకెళ్లండి.