మైకు దగ్గర కూర్చున్నవాని పరిచర్య

చదువవలసిన భాగములు: నెహెమ్యా 8:1-8, 1 కొరింథీయులకు 14:6-11, 2 దినవృత్తాంతములు 5:11-14



కొరింథు సంఘమునకు వ్రాయుచు అపొస్తలుడైన పౌలు పిల్లనగ్రోవిని, వీణను, బూరను ఉదాహరణముగా తీసికొనెను. బూర మ్రోగినంత మాత్రమున చాలదు. అది ఏమి చెప్పుచున్నదో సైనికునికి తెలియవలెను, లేనియెడల అతడు కదలడు అని ఆయన భావము. ఈ మాట భాషలను గూర్చి వ్రాయబడినను, నేడు మన మందిరములలోనున్న మైకులకును స్పీకర్లకును చక్కగా వర్తించును. శబ్దము వేరు, అర్థము వేరు. చెవికి చేరినదంతయు హృదయమునకు చేరదు.

సికిందరాబాదులోని లాలాగూడను మనలో అనేకులెరుగుదురు. 1893లో నిజాము రైల్వేవారు అక్కడ కార్ఖానా స్థాపించినది మొదలు అది రైల్వే కుటుంబముల పేటయైనది. పల్లెలనుండి పనికి వెళ్లినవారు తమతో కీర్తనలను, డోలకును తీసికొనిపోయిరి. అట్టి పేటలో ఇండ్ల గోడలకు ఆనుకొనియున్న చిన్న హాలులో ఆరాధన జరుగునప్పుడు కీబోర్డు, ప్యాడు, గిటారు, నాలుగైదు మైకులు ఒక్కచోట చేరును. నేడు మన పల్లె మందిరములలోను ఇవే పరికరములు వచ్చియున్నవి. కాబట్టి లాలాగూడ హాలులో సౌండు చూచు యౌవనస్థునికి కావలసిన పాఠమే మనకును కావలెను.

1. స్థలమును ఎరుగుట. ఎజ్రా జనులందరికి కనబడునట్లు కొయ్యపీఠము మీద నిలిచి చదివెను. మన ప్రభువు దోనెలో కూర్చుండి, ఒడ్డుననున్న జనసమూహమునకు బోధించెను. ఎక్కడ నిలిచి మాటలాడవలెనన్నది చిన్న సంగతి కాదు. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. చిన్న హాలులో అది సిమెంటు గోడలకు, రేకులకు పలుమారులు తగిలి తిరిగివచ్చి, ఒక మాట మీద మరియొక మాట పడునట్లు చేయును. మనుష్యులును వారి బట్టలును శబ్దమును కొంత పీల్చుకొందురు. గనుక ఖాళీ హాలులో సరిచూచిన సౌండు జనులు నిండిన తరువాత మారిపోవును. మరల సరిచూడవలెను.

మైకు కూయుట కూడ స్థలదోషమువలననే తరచుగా కలుగును. స్పీకరునుండి వచ్చిన శబ్దము మైకులోనికి పోయి, ఆంప్లిఫయరులో పెరిగి, మరల స్పీకరులోనుండి వచ్చును; ఇట్లు చక్రమువలె తిరుగుచు కీచుమనును. కాబట్టి పెద్ద స్పీకర్లను పాడువారికి ముందుగా, జనులవైపు తిరిగియుండునట్లు పెట్టవలెను. పాడువారి కొరకు చిన్న స్పీకరు ఉన్నయెడల, సాధారణమైన పాటమైకునకు అది వెనుకవైపున, పాడువానికి ఎదురుగా నుండవలెను. అట్టి మైకు వెనుకనుండి వచ్చు శబ్దమును తక్కువగా తీసికొనును. మైకు తలను పిడికిట మూసి పట్టుకొనిన ఆ గుణము చెడిపోవును. వాడని మైకును మూసివేయవలెను. పాడువాడు మైకును నోటికి మూడు నాలుగు వ్రేళ్ల దూరములో పట్టుకొనవలెను. దూరము రెండింతలైన యెడల మైకునకు చేరు స్వరబలము సగమగును.

2. ఏకస్వరముగా నుండుట. సొలొమోను మందిర ప్రతిష్ఠలో నూట ఇరువదిమంది యాజకులు బూరలు ఊదిరి. ఆసాపు, హేమాను, యెదూతూను వంశపు గాయకులు తాళములతోను తంతివాద్యములతోను నిలిచిరి. అంతమంది యున్నను వారి ధ్వని ఒక్కటిగా వినబడెను. మన దగ్గర నలుగురే యున్నను నాలుగు ధ్వనులు వినబడుటకు కారణమేమి? ఒకడు కీబోర్డు పెంచును; అది చూచి గిటారువాడు పెంచును; డోలకు వాయించువాడు గట్టిగా కొట్టును; పాడువాడు అరచును. చిన్న హాలులో డోలకునకును డ్రమ్ములకును మైకు సాధారణముగా అక్కరలేదు. వాటిని మెల్లగా వాయించుటయే మొదటి సవరణ. తరువాత పాడువారి స్వరమును స్పష్టముగా నిలిపి, దాని క్రిందనే మిగిలిన వాద్యములను ఒక్కొక్కటిగా చేర్చవలెను. ఏదైనను వినబడనియెడల దానిని పెంచుటకు ముందు, దానిని కప్పుచున్నదేదో వెదకి తగ్గించవలెను. ఇది సౌండు విషయములోనే గాక సంఘములో కలిసి బ్రదుకు విషయములోను మంచి నియమము.

3. మాటకు మొదటి స్థానమిచ్చుట. ఎజ్రా దినమున లేవీయులు ధర్మశాస్త్రమును చదివి, జనులు గ్రహించునట్లు దాని అర్థము చెప్పిరి. ఆ గ్రహింపు వలననే జనులు ఏడ్చిరి, తరువాత సంతోషించిరి. ఒక గ్రామములో ఆరాధన ముగిసిన తరువాత ఒక అవ్వ, “పాట బాగున్నదయ్యా, ఏమి పాడిరో మాత్రము తెలియలేదు” అనెను. ఆమె చదువుకొన్నది కాదు. పాటయే ఆమెకు బైబిలు. మాట తెలియని పాట ఆమె చేతినుండి బైబిలును తీసివేసినట్లే. గనుక స్వరపు మైకులో బేసు తగ్గించవలెను. అచ్చులకంటె హల్లులే మాటను తెలియజేయును, అవి పై స్థాయిలోనుండును. ఎకోను పాటలో కొద్దిగా వాడినను, వాక్యము చదువునప్పుడును ప్రసంగమప్పుడును పూర్తిగా తీసివేయవలెను.

4. పొరుగువానిని తలంచుట. బయలు ప్రవక్తలు ఉదయమునుండి కేకలు వేసినను ఉత్తరము రాలేదు. మన దేవుడు వినుటకు పెద్ద స్పీకర్లు అక్కరలేదు. లాలాగూడ వంటి పేటలో గోడ ప్రక్కనే రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పండుకొనియుండవచ్చును. పల్లెలో పరీక్షకు చదువు పిల్లయుండవచ్చును. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము లౌడుస్పీకరునకు వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు దానిని బహిరంగముగా వాడరాదు. నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. అదే సంవత్సరము ఆగస్టు 30న సుప్రీము కోర్టు, చెన్నైలోని ఒక సంఘమును గూర్చిన వ్యాజ్యెములో, ఇతరుల శాంతిని చెరుపుచు ప్రార్థించవలెనని ఏ మతమును బోధించదని తీర్పు చెప్పెను. ఆ మాట మనకు న్యాయస్థానము చెప్పవలసి వచ్చుట విచారకరము; పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ మన చేతిలో ముందే యున్నది గదా! మనము ఎవనికి సువార్త చెప్పగోరుదుమో, వానినే మన స్పీకరు దూరపరచిన యెడల లాభమేమి?

5. నమ్మకముగా నుండుట. దావీదు దినములలో కెనన్యా నేర్పరియైనందున పాటలు నేర్పు పని అతనికి అప్పగింపబడెను. సౌండు చూచువాడును నేర్చుకొనవలెను, అందరికంటె ముందు రావలెను. వైర్లు చూచి, ఎర్తు సరిగా నున్నదని ఎలక్ట్రీషియనుచేత పరీక్షింపజేయవలెను; ఎర్తు లేనిచోట మైకు పట్టుకొనినవానికి ప్రాణాపాయము కలుగవచ్చును. మొదట మిక్సరు, చివర ఆంప్లిఫయరు వేయవలెను. ఆపునప్పుడు ఆంప్లిఫయరును ముందుగా ఆపవలెను. ఇట్లు చేసిన స్పీకర్లకు దెబ్బ తగులదు. అతని పని బాగున్నప్పుడు ఎవరును అతనిని తలంచరు. మైకు కూసినప్పుడు మాత్రము అందరును వెనుకకు తిరిగి చూతురు. పెద్దలారా, ఆ పిల్లవానిని గద్దింపకుడి. అతని పేరు కూడ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన మందిరములో చివర కూర్చుండు ముసలివారికి వాక్యము తెలియుచున్నదా? ఈ ఆదివారము వారినే అడుగుడి.

2. మన పాటలో ఏ ధ్వని మరియొకదానిని కప్పుచున్నది? మన సంఘములో ఎవరి మాట ఎవరి మాటను కప్పుచున్నది?

3. మన స్పీకరును గూర్చి పొరుగువారు ఏమనుచున్నారు?

ప్రార్థన: ప్రభువా, మా ధ్వని పెరుగుటకంటె నీ మాట తెలియుటను మేము కోరునట్లు చేయుము. కనబడకుండ సేవచేయు వారి చేతులను బలపరచుము. ఆమేన్.