చిప్స్ ప్యాకెట్ లోపలి మెరుపులో సైన్స్ డిగ్రీకి కొలువు

కొవ్వూరులో బీఎస్సీ ఫిజిక్సో కెమిస్ట్రీయో పూర్తిచేసినవారికి ఇంట్లో చెప్పే దారులు ఎప్పుడూ అవే: బీఈడీ, బ్యాంకు పరీక్షలు, లేదంటే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్. ప్యాకేజింగ్ అనగానే అట్టపెట్టెల పనేగా అని తీసిపారేస్తారు. నిజానికి చదివిన సైన్సు సూటిగా అక్కరకొచ్చే రంగాల్లో ఇదొకటి. చిప్స్ ప్యాకెట్ చింపి లోపలివైపు చూడండి. ఆ వెండి మెరుపు రేకు కాదు. శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పట్టించిన పూత. మందం సుమారు 30 నుంచి 50 నానోమీటర్లు, అంతే. 12 మైక్రాన్ల పీఈటీ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ఫిల్మ్‌లోంచి చదరపు మీటరుకు రోజుకు వంద ఘన సెంటీమీటర్ల పైచిలుకు ఆక్సిజన్ దూరిపోతుంది. పూత పడ్డాక అది ఒకటి, రెండుకు దిగుతుంది. ఆ మిగిలిందీ ఎక్కువగా సన్నటి రంధ్రాల్లోంచే వస్తుంది. ఫిల్మ్‌ను దీపానికి అడ్డంగా పడితే వాటిలో పెద్దవి చుక్కల్లా వెలుగుతాయి. చాలావరకు అవి పూత పడేటప్పుడు ధూళి అడ్డుపడ్డ చోట్లు.

ప్లాస్టిక్‌నే నిషేధిస్తుంటే ఇందులో భవిష్యత్తేమిటన్న అనుమానం సహజం. 2022 జూలై 1 నుంచి నిషేధించినవి స్ట్రాలు, చెంచాలు, ఇయర్‌బడ్ పుల్లల వంటివి. ఆహార ప్యాకెట్లు ఆ జాబితాలో లేవు. వాటి విషయంలో చట్టం రీసైక్లింగ్ బాధ్యతను కంపెనీల మీద పెట్టింది. పీఈటీ, అల్యూమినియం రేకు, పాలిథిన్ కలిపి అతికించిన ప్యాకెట్‌ను మళ్లీ విడదీయడం తలనొప్పి. అందుకే ఒకే రకం ప్లాస్టిక్ మీద అల్యూమినియం ఆక్సైడో సిలికాన్ ఆక్సైడో పలుచగా పూసే పద్ధతి వైపు పరిశ్రమ మొగ్గుతోంది. చిక్కల్లా, ఆ ఒకే రకం పాలిథిన్ అయితే అది సాగుతుంది, పూత సాగక పగులుతుంది. ఈ చిక్కు తీర్చేవాళ్లే ఇప్పుడు కావాలి. మన చుట్టూ చూసినా పనికి కొదవ లేదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు తేమ తగిలితే మెత్తబడుతుంది, అందులోని నెయ్యి ఆక్సిజన్‌కు పాడవుతుంది. తేమను ఆపే ఫిల్మ్ ఆక్సిజన్‌నూ అంతే బాగా ఆపుతుందన్న హామీ లేదు.

ఈ ఉద్యోగాలు కొవ్వూరులో ఉండవన్నది మాత్రం నిజం. ఊళ్లో ఆంధ్రా షుగర్స్ కాస్టిక్ సోడా కర్మాగారం ఉంది గానీ, ఫిల్మ్ ప్లాంట్ల కోసం ఊరు దాటాలి, షిఫ్టులూ చేయాలి. ఇంటిపట్టునే ఉండాలనుకుంటే ఇది మీ దారి కాదు. బయల్దేరేవారికి విజయవాడలోని కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ సీపెట్ దగ్గరే: పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమాలు, బీఎస్సీ తర్వాత ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్, టెస్టింగ్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా సీపెట్ కోర్సులే. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ కేంద్రమూ ఉంది. ఎక్కడ చేరినా ల్యాబ్‌లో ఎక్కువ సమయం గడపండి. 23 డిగ్రీల దగ్గర, పొడిగాలిలో తీసిన ఆక్సిజన్ అంకె చూపించి, మే నెల గోదావరి ఉక్కపోతకు ఈ ప్యాకెట్ ఆగుతుందా అని ఇంటర్వ్యూలో అడిగితే, వేడికీ తేమకీ ఆ అంకె ఎటు కదులుతుందో, మడత దగ్గర పూత పగిలితే ఏమవుతుందో చెప్పగలగాలి.